సోలార్ పలక మీద నామం

అక్టోబరు 1987, శుక్రవారం రాత్రి, ఏర్పేడు

చేపలు పైకొచ్చి గాలికి నోళ్లు తెరుస్తా ఉండాయని, చేపల ఆఫీసోళ్లు పరీక్షకని ఇచ్చిన సోలార్ పలకకు తగిలించి, గుంటలోకి గాలి కొట్టే మోటారు బిగించినాము. కరెంటు లేకుండా ఎండతోనే బుడగలు రావడం చూసి నాయన మురిసిపోయినాడు. ఆయుధ పూజకు బండికి పెట్టినట్టే సోలార్ పలక నిండా పెద్ద నామం పెట్టినాడు. కాసేపటికే బుడగలు సన్నబడినాయి.

"నాయనా, నామం ఎండకు అడ్డమొస్తా ఉండాది. తుడిచేస్తా," అన్నాను.

"సామి నామం తుడుస్తావా? ఆ పని సేస్తే చేపలు దక్కవు."

నేను పలకను ముట్టుకోలేదు. సాయంత్రం మబ్బు కమ్మి మోటారు పూర్తిగా నిలిచిపోయింది. చీకటి పడినప్పటి నుంచీ గుంటలో ఒకటే తపతపలు. ఇది రాస్తా ఉండగా ఆ చప్పుడు ఆగిపోయింది.

"సూడు, కుదురుకున్నాయి," అని నాయన దుప్పటి కప్పుకున్నాడు.