నా రిపోర్టులో అప్పలరాజు పేరు

విశాఖపట్నం,
ఆదివారం.

అన్నయ్యకు నీ చెల్లెలు సునీత నమస్కారాలు. ఒంట్లో నాకు బాగానే ఉంది, దిగులు పడొద్దు. వదినకు నడుం నొప్పి తగ్గిందా? పాప ఏడవకుండా బడికి వెళుతోందా?

సీతమ్మధారలో గది బాగానే ఉంది. ఈ ఉక్కపోతకే ఇంకా అలవాటు పడలేదు, తల ఆరేలోపే మళ్లీ తడిసిపోతుంది. మెస్‌లో పప్పు నీళ్లలా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి గోంగూర పచ్చడి పంపు. వేళకు తింటూనే ఉన్నాను. మనసే ఒకచోట నిలవడం లేదు. ఎందుకో నీకే చెప్పాలి, పోలీసువాడివి కాబట్టి.

నేరశాస్త్రం ఎమ్మేలో మాకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. చదివిన సిద్ధాంతాన్ని బయట ఒక సమస్యకు అన్వయించి చూడాలి. ఇక్కడి పాత టౌన్‌లో ఒక మార్కెట్‌లో ఫోన్లు పోతున్నాయంటే నేను దాన్ని తీసుకున్నాను. దొంగిలించే మనిషి, చేతికందే వస్తువు, కాపలా లేని చోటు, ఈ మూడూ కలిస్తేనే దొంగతనం జరుగుతుందని మా పుస్తకం చెబుతుంది. మూడు వారాలు రోజూ పొద్దున్నే వెళ్లి కూర్చుని రాసుకున్నాను. సరుకు లారీలు అడ్డంగా నిలబడితే ఒక సందు ఎవరికీ కనబడదు. ఫోన్లు పోయేది అక్కడే. అంతవరకు రాసి ఆపితే సరిపోయేది. రిపోర్టు పట్టికలో ‘మనిషి’ అన్న గడి ఖాళీగా కనిపిస్తుంటే ఊరుకోలేక, అక్కడ బస్తాలు మోసే అప్పలరాజు ఒకప్పుడు దొంగతనానికి జైలుకెళ్లి వచ్చాడని రాశాను. మా మేష్టారు ఆ రిపోర్టును అక్కడి ఎస్సైకి చూపించారు. మర్నాడే అప్పలరాజును పట్టుకెళ్లారు.

తెలియగానే స్టేషనుకు పరిగెత్తాను.

“మీరే కదమ్మా రాసేరు! ఇప్పుడు కాదంతన్నారేటి?” అన్నాడు ఎస్సై.

“పాత సంగతి రాశానండి. ఈ ఫోన్లు తీశాడని రాయలేదు,” అన్నాను. ఆ మాటకు నాకే సిగ్గనిపించింది.

నోటుబుక్కు తెరిచాను. నేనున్నప్పుడు ఫోన్లు పోయిన రెండుసార్లూ అప్పలరాజు మార్కెట్ అవతలి చివర ఖాదర్ గారి ఉల్లిపాయల కొట్టు దగ్గర బస్తాలు దించుతున్నాడు. టైముతో సహా నేనే రాసుకున్నాను, ఒక్కసారైనా కలిపి చూడలేదు. వెళ్లి ఖాదర్ గారిని తీసుకొచ్చాను.

“ఆడు నా కొట్టుకాడే ఉన్నాడు సార్. జిమ్మేదారీ నాది, పూచీ నేనుంటాను,” అన్నారాయన. సాయంత్రానికి అప్పలరాజును వదిలేశారు.

గేటు దగ్గర క్షమించమన్నాను. అప్పలరాజు నా మొహం కూడా చూడలేదు.

“నాను తప్పు సేసేను, లోనకెళ్లొచ్చేను. అదయిపోనాది. మల్లీ నా పేరెందుకు రాసేవమ్మా?”

దొంగ అన్న ముద్ర ఒకసారి పడితే అది మనిషిని ఇంక ఎటూ కదలనివ్వదని అదే పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

పేరు తీసేసి రిపోర్టు మళ్లీ రాశాను. ఎస్సై లారీలను పక్కకు మార్పించాడు. ఆ సందులో ఇప్పటిదాకా మళ్లీ ఫోను పోలేదు. మేష్టారు మెచ్చుకున్నారు. కానీ ఖాదర్ గారు తప్ప అప్పలరాజును ఎవరూ పనికి పిలవడం లేదు. నేనే కొట్టు కొట్టుకూ వెళ్లి తప్పు నాదని చెబుతున్నాను. ఇప్పటికి ఇద్దరు విన్నారు.

అమ్మమ్మకు నా దండాలు చెప్పు, ఆవిడ దీవెన నాకిప్పుడు కావాలి. వదినను అడిగానని చెప్పు, పాపకు ముద్దులు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. మన పక్కవీధి కోటేశ్వరరావును సైకిలు దొంగతనం కేసులో తీసుకెళ్లావు కదా. ఆ తర్వాత ఊళ్లో ఏది పోయినా ముందు అతనింటికే వెళ్లేవాడివి. నిన్ను యూనిఫాంలో చూసి నేను మురిసిపోయేదాన్ని. అన్నిసార్లలో ఒక్కసారైనా ఆ ఇంట్లో ఏమైనా దొరికిందా అన్నయ్యా?

నీ జవాబు కోసం చూస్తూ,
నీ చెల్లెలు
సునీత