సీసాలోది ఎవరిది?

మొగపేట క్లినిక్,
జులై 7

పోతురాజు గారికి నమస్కారాలు.

నేను షీబాని. మన ఊరి సర్కారు క్లినిక్‌కి ఈమధ్యే వచ్చిన నర్సుని. మీ ఫోను సముద్రంలో పడిపోయిందని ఆశా కార్యకర్త ఉష చెప్పింది. అందుకే ఈ ఉత్తరం రాసి ఆవిడ చేతికే ఇస్తున్నాను.

ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు ఉచితంగా చూస్తున్నాం. మీ వీధిలో మీరూ, మీ భార్య జగ్గమ్మ గారూ మాత్రమే మిగిలారు. ఏ జబ్బూ లేనప్పుడే రావాలి, అదే దీని లాభం. మీ ఆరోగ్య బీమా కార్డు కూడా తెండి, నంబరు రాసుకోవాలి.

ఇట్లు,
షీబా

తా.క. పరగడుపున రండి. టీ కూడా తాగకూడదు.

*

జులై 8

అమ్మా షీబాకి పోతురాజు దండాలు.

నీ ఉత్తరం సదివి నాను, మా జగ్గమ్మ ఇద్దరం గుడ్లు తేలేసినాం. రోగం లేనప్పుడు ఆస్పత్రికి రమ్మంటావేటి తల్లీ? నాకు యాభై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ వల లాగుతన్నాను.

కార్డు నంబరు ఎందుకడిగినావో నాకు తెలుసులే. మా తోడల్లుడు భాస్కర్ శ్రీకాకుళంలో ఏదో ప్రైవేటు బీమా కడదామని ఎల్తే, షుగరున్నాదని ఆ కంపెనీవోలు కాయితం మొకాన కొట్టీసినారు. నాకేదో ఉన్నాదని నువ్వు రాసీగానే మా కార్డులో పేరు కొట్టీస్తారు. రేపు నిజంగా రోగమొస్తే నా గతేటి? నాను రాను.

ఇట్లు,
ఇప్పటికైతే కార్డున్న
పోతురాజు

తా.క. టీ తాగకుండా రమ్మన్నావు. అలాగొస్తే లేని రోగం కూడా వస్తాది.

*

జులై 9

పోతురాజు గారికి,

మీ తోడల్లుడిది ప్రైవేటు కంపెనీ సంగతి. మీది సర్కారు కార్డు. జబ్బు బయటపడితే పేరు కొట్టరు, వైద్యం చేయిస్తారు. బీపీ, షుగరు మాత్రలు మా దగ్గరే ఊరికే ఇస్తాం.

రానంటే మానండి, మూత్రమైనా పంపండి. ఉష చేత సీసా పంపుతున్నాను. మీ పేరు చీటీ అంటించాను.

ఇట్లు,
షీబా

తా.క. సగం చాలు. పోయినవారం ఒకాయన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా పంపారు.

*

జులై 11

పోతురాజు గారూ,

ఈ ఉత్తరం చేతికందగానే చొక్కా వేసుకుని బయల్దేరండి. మీరు పంపిన సీసాలో ముంచితే పరీక్ష పట్టీ ముదురు రంగుకి తిరిగింది. ఇంకో పట్టీ ముంచాను. అదే రంగు. షుగరు మామూలుగా లేదు. కాళ్లు లాగుతున్నాయా? కళ్లు మసకలా? వేలు గుచ్చి చూస్తేగానీ ఎంతుందో తేలదు.

కంగారులో,
షీబా

తా.క. టీ తాగి వచ్చినా సరే. రండి.

*

జులై 11, సాయంత్రం

తల్లీ షీబా,

నాను సేసిన పాపం సెప్పీస్తన్నాను. ఆ సీసాలోది నాది కాదు. మా జగ్గమ్మది.

నాకేదైనా బయటపడతాదేమోనని బయమేసినాది. అదైతే ముప్పై ఏళ్లుగా బుట్ట నెత్తినెట్టుకుని నరసన్నపేట దాకా ఎల్లి సేపలమ్మిన మనిషి. తలనొప్పని ఏనాడూ మంచమెక్కలేదు. ఊళ్లో దానికన్నా గట్టోలు లేరనే దాన్నడిగినాను. తిడతానే ఇచ్చినాది.

నీ ఉత్తరం సదివి వినిపించీసరికి ఇసకలో కూలబడిపోనాది. ఎండేసిన సేపలు కాకులెత్తుకుపోతన్నా లెగలేదు. "నాకేటైనా అయితే నీకు కూడెవలు వండుతారు?" అన్నాది. నానే లేసి కాకుల్ని తోలినాను.

రేపు పొద్దున్నే దాన్ని తెస్తన్నాను. కార్డులో నా పేరు కొట్టీసినా పరవాలేదు. దాని పేరు మటుకు ఉంచు.

తప్పు సేసిన
పోతురాజు

తా.క. ఇంట్లో పంచదార డబ్బా పక్కింటోలకి ఇచ్చీసినాను. ఇద్దరం పరగడుపునే వస్తాం. పొద్దుట్నుంచీ టీ లేక నా తల పగిలిపోతన్నాది. ఇదేనేటి షుగరంటే?

*

జులై 14

పోతురాజు మావయ్యకి,

మొన్న మీ ముందే చూశాం కదా. జగ్గమ్మత్తకి పరగడుపున తొంభై ఆరు. మీకు నూట రెండు. ఇద్దరికీ షుగరు లేదు. మీ బీపీకి ఇచ్చిన మాత్రలు మాత్రం మానకండి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మీరు, "మరైతే ఆ సీసాలోది ఎవులిది?" అన్నారు. నేను సీసా తెచ్చిన ఉష వైపు తిరిగాను.

మీరు వెళ్లాక ఉష ఏడ్చింది. ఆ రోజు మీ ఇంటి నుంచి వస్తుంటే సంచిలో సీసా మూత ఊడి అంతా ఒలికిపోయిందట. మళ్లీ అడిగితే మీరివ్వరు, నేను తిడతాను. అందుకని సీసా కడిగి తనే నింపేసిందట.

ఉషకి ముప్పై నాలుగేళ్లు. ఊరంతా తిరిగి అందర్నీ పరీక్షకి పంపింది, తన వేలు ఒక్కసారీ చాపలేదు. నీరసం ఎండలో తిరగడం వల్లేననుకుందట. వేలు గుచ్చాను. మూడొందల ఎనభై ఆరు! మిషను పాడైందేమోనని నా చెయ్యి కడుక్కుని, దాని చెయ్యి కడిగి మళ్లీ చూశాను. అంతే ఉంది.

అప్పటికప్పుడు ఆటోలో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. చేర్చుకుని ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంకో వారం ఆగుంటే స్పృహ తప్పి వచ్చేదన్నారు డాక్టరు గారు. ఇప్పుడు లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. దాని బీమా కార్డులో పేరు ఎవరూ కొట్టలేదు.

దారంతా దాన్ని తిట్టాను. "అందరికీ చెప్పేదానివి, నువ్వెందుకు చూపించుకోలేదే?" అని. అది నీరసంగా నా వైపు తిరిగి, "అమ్మా, మరి మీరెప్పుడు సూపించుకున్నారు?" అంది.

నాకు ముప్పై ఆరు, మావయ్యా. నర్సుగా పదమూడేళ్లు. ఒక్కసారీ చూసుకోలేదు.

ఇప్పుడే సూది తీస్తున్నాను. ఉత్తరం ఇక్కడ ఆపుతాను.

మీ
షీబా

తా.క. చూసుకున్నాను. షుగరు లేదు. బీపీ ఉంది. నెపం మీ ఉత్తరాల మీద పెడదామనుకున్నాను గానీ, ఇవాళ రెండుసార్లు చూసినా అంతే ఉంది. మీకిచ్చిన మాత్రలే నేనూ మొదలుపెట్టాను.