నువ్వు అలికిన బడి

లచ్చవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు చదువు రాదు, నాకు వచ్చింది కూడా ఇంతే. అయినా రాస్తున్నాను.

సర్కారు బడే పిల్లలందరికీ గుడి అని మన ఎమ్మెల్యే చెబితే నమ్మి, నువ్వు ప్రతి శుక్రవారం ఆ బడి నేల అలికి ముగ్గు వేసేదానివి కదా. మొన్న చెరుకు బండి తోలుకొని బోధన్ వెళితే, ఇంగ్లీషు బడి గేటు దగ్గర ఆయనే కనిపించాడు. తన ఖద్దరు కండువాతో కొడుకు బూట్లు తుడుస్తున్నాడు.

"ఏందయ్యా, నీ పోరడు గీ బడిలనా?" అని ముఖం మీదే అడిగాను.

"ఏం జెయ్యాలె తాతా, వాడు నా కొడుకు గదా."

"మరి మా పోరగాండ్లు ఎవరి కొడుకులు?"

ఆయన కండువా దులుపుకొని కొడుకును గేటు లోపలికి పంపాడు. ఇంటికొచ్చి గర్వంగా ఈ సంగతి చెబితే మన కొడుకు మల్లయ్య నవ్వలేదు. తన కూతుర్ని కూడా అదే బడిలో వేస్తాడట.

"నా పాణం పోయినా ఒప్పుకోను" అన్నాను.

"బాపు, అది నా బిడ్డ గదా" అన్నాడు.

ఎమ్మెల్యేను అడిగినట్టు వాణ్ణి అడగబోతే నోరు రాలేదు. తప్పు ఎవరిదో నాకు తెలియడం లేదు.

ఇవాళ శుక్రవారం. పొద్దున పోయి బడి నేల నేనే అలికాను. ముగ్గు వేయడం మాత్రం నాకు రాలేదు.