నల్లా ఎటు తిప్పాలో

అక్కకు,

నీ చెల్లెలు రాజమ్మ రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. ముగ్గురం అని రాయడం ఇదే మొదటిసారి. ఆ మాట రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేక ఈనిందా? అన్నీ రాయి, ఏదీ దాచకు. నేనూ దాచను. కానీ ఈ ఉత్తరం అవ్వకు వినిపించే ముందు నువ్వొక్కదానివే ఒకసారి చదువుకో. ఎక్కడ ఆపాలో నీకే తెలుస్తుంది.

పాప బాగుంది. నిజంగా బాగుంది. పాలు తాగుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ తాగుతుంది. ఇక్కడ గాలిలోనే బొగ్గు. ఉతికి ఆరేసిన గుడ్డలు తీసేసరికి మసిబారి ఉంటాయి. పాప ముక్కు తుడిస్తే గుడ్డకు నల్లగా అంటింది. అది చూసి నేను బోరున ఏడ్చాను. మహబూబ్‌బీ నవ్వింది. "ఈడ పుట్టిన పోరగాళ్ళకు అందరికి గిట్లనే ఉంటది. ఫికర్ నక్కో బేటీ" అన్నది. అయినా రోజుకు పదిసార్లు పాప ముక్కు చూస్తూనే ఉన్నాను.

మహబూబ్‌బీ మా పక్క క్వార్టరామె. ఆమె భర్త గనిలో ఫిట్టరు. నొప్పులు పదిహేను రోజులు ముందే వచ్చాయి కదా, మీ మరిది డ్యూటీలో ఉన్నాడు. నీ దగ్గరికి రావాలనుకున్న బస్సుకు ఇంకా వారం ఉంది. గోడ మీద కొడితే మహబూబ్‌బీ పరిగెత్తుకొచ్చింది. నా రెండు చేతులూ ఆమే పట్టుకున్నది. ఆమె మణికట్టు మీద నా గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. మా క్వార్టర్ల లైన్లో ఒకరు నీళ్ళు కాచారు, ఒకరు మంత్రసానిని పిలుచుకొచ్చారు. వారం రోజులు మా పొయ్యి మీద నేను అన్నం వండలేదు. అవ్వకు ఈ ముక్క చదువు. తన బిడ్డ దిక్కులేకుండా కన్నదని ఆమె కుమిలిపోతూ ఉంటుంది.

ఇక్కడి నుంచి అవ్వకు చదవకు.

నేను వచ్చి ఎనిమిది నెలలు దాటింది. మా లైనుకంతటికీ ఒక్కటే నల్లా. పొద్దున గంట, మొదటి షిఫ్టు దిగే వేళకు ఇంకో గంట నీళ్ళొస్తాయి. ఇన్ని నెలల్లో ఆ నల్లాను నేను ఒక్కసారి కూడా ముట్టలేదు. ఇది నీకు రాయలేదు. ఊరు దాటితే ఇవన్నీ ఉండవని నీతో గొప్పగా చెప్పి బస్సెక్కినదాన్ని, ఏ మొహంతో రాయను? మనవాళ్ళ బిందెలు చివర పెట్టాలి. వేరేవాళ్ళు నల్లా తిప్పి, బిందెకు తగలకుండా చెంబుతో పైనుంచి పోస్తారు. నాకు పోసేది పెద్దవ్వ. ఆమె సర్దారు తల్లి. చెడ్డ మనిషి కాదక్కా, అదే నాకు కష్టం. "కడుపుతోని ఉన్నవు, నిండ బిందె ఎత్తుకోకు బిడ్డా" అని సగమే పోసేది. కాన్పయ్యాక శొంఠి పంపింది. పొట్లం గడప బయట పెట్టించింది.

సర్దారు అంటే గని లోపల ఎవరు ఏ చోట బొగ్గు నింపాలో చెప్పే మనిషి. మీ మరిదిది ఇంకా బదిలీ పనే. ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట దిగుతాడు. ఈ ఏడు పర్మనెంటు అవుతాడని మా ఆశ. దానికి సర్దారు మంచి మాట చెప్పాలి. ఇప్పుడు నా భయం నీకు తెలిసి ఉంటుంది.

బాలింత నీళ్ళకు పూజ చేసే ఇరవై ఒకటో రోజు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర కరువైంది. నీ పెద్దోడు పుట్టినప్పుడు నువ్వు వాగు ఇసుకలో చెలిమె తోడి, దానికి పసుపూ బొట్టూ పెట్టి నీళ్ళు ముంచుకున్నావు గుర్తుందా? ఊరి బావికి పూజ చేసి చేద వేసేది మిగతా బాలింతలు. అవ్వ మనిద్దరినీ కన్నప్పుడు కూడా చెలిమెకే మొక్కింది. ఈ కాలనీలో బావి లేదు, వాగు లేదు. ఇక్కడ బాలింతలు నల్లాకే పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి నీళ్ళు పట్టుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఇనుప గొట్టానికి పూజేమిటని నవ్వొచ్చింది. నా వంతు వచ్చేసరికి నవ్వు రాలేదు. బాలింత తన చేత్తో నీళ్ళు పట్టాలి. నాకు చెయ్యి పెట్టే దిక్కు లేదు.

మహబూబ్‌బీతో అన్నాను, బిందెలో నీళ్ళు తెచ్చుకుని ఇంట్లోనే పూజ చేసుకుంటానని. ఆమె గయ్యిన లేచింది. "నా చేతులు గీరి కన్నవు గద పిల్లను, ఇంట్ల దాసిపెట్టనీకనా? కాయితం రాయి. సదువొచ్చు గద నీకు" అన్నది. నల్లాను మనవాళ్ళనూ ముట్టనియ్యాలని, మిషన్ బడిలో నువ్వు దిద్దించిన అక్షరాలతోనే రాశాను అక్కా. పదకొండు మంది వేలిముద్రలు వేశారు. చంటిదాన్ని ఒడిలో కట్టుకుని గని ఆఫీసుకు పోయాను. లోపలి దొర చదివి, మడిచి, బల్ల మీది గాజుబిళ్ళ కింద పెట్టాడు. "బిందెల పంచాయితీ నా దగ్గరికి తెస్తరా?" అన్నాడు. యూనియన్ ఆయన దగ్గరికి పోతే, "పెద్ద పెద్ద సమస్యలున్నయి చెల్లె, నల్లా సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన ఇంట్లో నల్లా ఉందిలే.

మర్నాడు సర్దారు మీ మరిదిని పైకప్పు నుంచి నీళ్ళు కారే చోట పనికి పంపాడు. మూడు రోజులు అక్కడే. కాగితం వల్లనా? వంతు వచ్చిందా? అడిగితే మీ మరిది, "ఎవలో ఒకలు చెయ్యాలె గద" అంటాడు. నిజమో, నన్ను ఊరడించడానికో తెలియదు. సైరన్ మోగినప్పటి నుంచి ఆయన గుమ్మంలో కనబడేదాకా పాపను భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నాను. నల్లా పూజ మానేద్దామా అని ఆయన్ను అడిగాను. ఆయన అన్నాడు: "కింద నేను, సర్దారు ఒక్క డబ్బాల నీళ్ళే తాగుతం. ఆయన తాగినంక నేను తాగుత, నేను తాగినంక ఆయన తాగుతడు. పైకి వచ్చినంక ఏమైతదో నాకు సమజ్ గాదు. నీకెట్ల అనిపిస్తే గట్ల చెయ్యి." మగవాళ్ళు ధైర్యం చెప్పడం కూడా ఇలాగే ఉంటుంది, భారం మళ్ళీ మన నెత్తినే.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం పాపకు స్నానం చేయించి, నేను తలంటుకుని, పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని బయలుదేరాను. నల్లా దగ్గర చూద్దును కదా, వరుసలో ముందున్న ఆరు బిందెలు బోర్లించి ఉన్నాయి. మొదటిది మహబూబ్‌బీది. "రాజమ్మ పట్టేదాంక మేం పట్టం" అన్నది. వెనకాల ఇరవై మంది ఆడవాళ్ళు. ముందు వాళ్ళు జరగరు, వెనక వాళ్ళకు దారి లేదు. నీళ్ళొచ్చే గంట పోతున్నది. ఒకామె తిట్టింది, ఒకామె బతిమాలింది. పెద్దవ్వ మాత్రం చెంబు పట్టుకుని నల్లా గద్దె మీద నిలబడి, "నేను పోస్త గద బిడ్డా, ఎప్పుడన్న కాదన్ననా?" అన్నది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

"ఇయ్యాల నా చేతితోని పట్టాలె అవ్వా. బాలింతను" అన్నాను.

అంతలో షిఫ్టు దిగిన మగవాళ్ళు వచ్చారు. ఒళ్ళంతా నలుపు, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడటం లేదు. స్నానానికి ఏ ఇంట్లోనూ నీళ్ళు లేవు. అందరూ నిలబడిపోయారు. సర్దారూ అందులోనే ఉన్నాడు, మీ మరిదీ ఉన్నాడు. ఆ మసిలో ఎవరు ఎవరో చప్పున పోల్చుకోలేకపోయాను. సర్దారు ఏమైనా అంటాడనుకున్నాను. ఆయన తల్లి వైపు చూసి, గట్టు మీద కూలబడ్డాడు.

పెద్దవ్వ గద్దె దిగింది. రమ్మనలేదు, వద్దనలేదు. దిగి పక్కకు నిలబడింది, అంతే.

పసుపు రాశాను, బొట్టు పెట్టాను. పాపను మహబూబ్‌బీకి ఇచ్చి, నల్లా పట్టుకుని తిప్పాను. నీళ్ళు రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాను. చుక్క లేదు. నీళ్ళు బంద్ చేయించారనుకున్నాను. నా వల్ల లైనంతా ఎండిపోయింది, ఇక మీ మరిది పని పోయినట్టే, పాపను తీసుకుని ఎక్కడికి పోవాలి అని ఒక్క క్షణంలో ఎన్ని అనుకున్నానో. నా పసుపు చెయ్యి జారుతున్నది, అయినా అదే పనిగా తిప్పుతున్నాను. అందరూ నా చేతినే చూస్తున్నారు.

"అటు కాదే పిచ్చిదాన! ఎడమ దిక్కు తిప్పు. జల్ది, టైమైపోతాంది" అని ఎవరో కసిరారు. తిరిగి చూస్తే పెద్దవ్వ.

ఎనిమిది నెలలుగా ఆ నీళ్ళే తాగుతున్నాను అక్కా. నల్లా ఎటు తిప్పాలో నాకు తెలియదు. ఎడమకు తిప్పాను. నీళ్ళు ఒక్కసారిగా వచ్చి నా చీరంతా తడిసింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వులో చెడు లేదనిపించింది. బిందె నింపుకుని, పక్కకు జరిగి, పాపను తీసుకున్నాను.

అంతా బాగైపోయిందని మాత్రం అనుకోకు. మర్నాడు పొద్దున నల్లాను చింతపండుతో తోమి ఉంచారు, నా పసుపు జాడ లేదు. ఎవరు తోమారని నేను అడగలేదు. అయిదారు ఇళ్ళవాళ్ళు దూరం లైను నల్లాకు పోతున్నారు. పెద్దవ్వ ఇక్కడే పడుతుంది కానీ, నా తర్వాత నల్లా మీద చెంబెడు నీళ్ళు చల్లి పడుతుంది. నాతో ఇంకా మాట్లాడలేదు. మీ మరిది పర్మనెంటు సంగతి తెలియదు. నిన్న ఆయన్ను పొడి చోటికి పంపారట, రేపు ఎక్కడికో. రోజూ బిందె తీసుకుని బయలుదేరేటప్పుడు అదే భయం. అయినా పోతున్నాను. ఒక్క రోజు మానితే మళ్ళీ చివరనే నిలబడాలి.

నీ పాత నూలు చీరలుంటే పంపు, పాపకు గుడ్డలు చాలడం లేదు. కొంచెం వాము కూడా. బావకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పాపను తొట్టెలలో వేసి అవ్వ పేరే పెట్టాం, మల్లమ్మ అని. నువ్వూ బావా దానికి నిండు నూరేళ్ళని దీవించి రాయండి. మాకు కూడా దీవెన కావాలి, పాపకంటే మాకే ఎక్కువ కావాలి.

ఇప్పుడు అవ్వను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకో. ఈ చివరి ముక్క గట్టిగా చదువు.

అవ్వా, మోకాళ్ళ నొప్పి తగ్గగానే నీ మనవరాలిని చూడటానికి రా. నల్లా కాడికి పోతే అలవాటు చొప్పున దూరంగా నిలబడతావు, బిందె చాపుతావు, ఎవరన్నా పోస్తారని చూస్తావు. నేను పొయ్యను. ఎవరినీ పొయ్యనియ్యను. ఎడమ దిక్కు తిప్పాలె అవ్వా. కొంచెం గట్టిగ ఉంటది.

నీ బిడ్డ,
రాజమ్మ