పగడాలు మింగిన లంగరు

ఏప్రిల్ 9

వేడి 31. పగడాల దిబ్బ దగ్గర నీళ్ళ వేడి పొద్దున్నే కొలిచి రాయి తాతా, ఇంకేం రాయొద్దు అని చేపల శాఖ ఆఫీసరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. రాస్తా. పెన్ను నా చేతిలో ఉంది.

ఏప్రిల్ 21

32. పగడాల దిబ్బ తెల్లబడింది. పడమటి గట్టు మొత్తం సున్నం కొట్టినట్టుంది.

ఏప్రిల్ 22

32.

మే 4

32న్నర. పోర్టు ఇంజనీరు వచ్చాడు. బూట్లు తడవకుండా ఒడ్డునే నిలబడి దిబ్బ చచ్చింది అన్నాడు. చచ్చినదాన్ని తవ్వేసి పెద్ద ఓడలకి దారి చేస్తారంట. ఎప్పుడైనా దిగి చూశావా అని అడిగా. రిపోర్టు ఉంది పెద్దాయనా అన్నాడు. రిపోర్టుకి ఈత వచ్చా అన్నా. పడవలవాళ్ళు పడీ పడీ నవ్వారు.

తెల్లబడ్డం అంటే చావు కాదు, వేడి తగ్గితే కోలుకుంటుంది అంటుంది ఆఫీసరమ్మ. కానీ ఈ దిబ్బ ఇదివరకు దెబ్బ తిని కోలుకుందని సాక్ష్యం చూపించాలంట. ఆఫీసులో పాత కాగితం ఒక్కటీ లేదు. తవ్వకం మీద పదిహేనో తారీఖు మీటింగ్.

మే 6

సాక్ష్యం నా దగ్గరుంది.

నలభై ఒక్క ఏళ్ళ కిందట పడమటి గట్టు తుఫానుకి పోయిందని అందరూ అంటారు. తుఫాను కాదు. నేను. చేపల కోసం బాంబులు వేశా. మూడోది వదిలేలోపే పేలింది. రెండు వేళ్ళు పోయాయి. లంగరు తాడు కోసేసి పారిపోయి వచ్చా. ఇంటిదానికి తాడు చుట్టే వించ్‌లో నలిగాయని చెప్పా.

గట్టు పిండి పిండి అయింది. పదేళ్ళు అటు మొహం చూపించలేదు. తర్వాత దిగితే చిన్న చిన్న పగడాలు నా లంగరెక్కి కూచున్నాయి. ఇప్పుడు ఒక్క కొక్కెం తప్ప మొత్తం మింగేశాయి.

మే 7

చెప్తే దొంగనవుతా. చెప్పకపోతే ఆ బూట్లవాడు గెలుస్తాడు. వాడా గెలిచేది?

మే 15

మీటింగ్‌లో లేచి చెయ్యెత్తా. ప్రశ్నలు చివర్న అడగాలి అన్నాడు ఇంజనీరు. ప్రశ్న కాదు, వేళ్ళు లెక్కపెట్టు అన్నా. బాంబు, తాడు, లంగరు, అన్నీ చెప్పా. నేను పిండి చేసిన గట్టు మళ్ళీ లేచింది, కొక్కెం మీద మా నాన్న కొట్టిన గుర్తు ఉంటుంది, దిగి చూడండి అన్నా. వెనక నుంచి ఎవడో ముసలి దొంగా అని అరిచాడు. అవునురా, దొంగనే, ఆ చేపలు మీ నాన్న కూడా లొట్టలేసుకుంటూ తిన్నాడు అన్నా. కేసు పెట్టొచ్చు తెలుసా అన్నాడు ఇంజనీరు. పెట్టుకో, ముందు బూట్లు విప్పు అన్నా.

ఇంటిది మూడో వరసలో కూచుంది. అటు మాత్రం చూడలేకపోయా.

మే 16

32. ఇంటిది వంటింట్లోనే ఉంది. గిన్నెలు మాట్లాడాయి.

మే 19

ఆఫీసరమ్మ, ఇద్దరు డైవర్లు దిగారు. పైకి తేలి మాస్కు తియ్యకుండానే ఆమె అరుస్తోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. గుర్తు దొరికింది. లంగరు మీద పగడం మూరెడు మందం ఉందంట. తవ్వకం ఆరు నెలలు ఆపారు. ఆరు నెలల తర్వాత కూడా నేను ఇక్కడే ఉంటానని చెప్పి వచ్చా.

కంచం పెడుతూ ఇంటిది నోరు విప్పింది. ఆ రోజు చొక్కా ఉతికింది నేనే కదయ్యా, వించ్‌కి మందుగుండు వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది అంది. ఇన్నేళ్ళూ తెలుసంట. ఎప్పుడు చెప్తావా అని చూశానంది.

ఎవడికైనా ఎదురు చెప్పగలను. దాని ముందు మాత్రం తలొంచుకుని కంచం ఖాళీ చేశా.

జూలై 2

29. ఇంటిదాన్ని పడవెక్కించుకుని వెళ్ళా. కొక్కెం పక్కన గోరంత మేర తెలుపు పోయి మళ్ళీ గోధుమరంగు, బతికున్న పగడం రంగు. లేని వేళ్ళు రెండూ దురద పెట్టాయి.