యాదమ్మ ఇచ్చిన రక్తం

మంగళవారం, రాత్రి

ఇవాళ నేను హాయిగా నిద్రపోవాలి.

రక్తంలోంచి, రోగాలతో పోరాడే టీ సెల్స్‌ను వేరుచేసే నా పద్ధతిని మా ల్యాబ్ హెడ్ ప్రకాష్ సార్ తన పేరుతో స్లైడ్ల మీద పెట్టుకున్నాడు. ఎనిమిది నెలల నా చాకిరీ అది! "శ్రావణీ, జెర పక్కకు జరుగు, నేనే చేసి చూపిస్తా," అన్నాడు ఇవాళ డెమోలో, డైరెక్టర్ గారి ముందు.

నా పద్ధతిలో మాగ్నెటిక్ బీడ్స్ అక్కర్లేని కణాలను పట్టుకుంటాయి. ట్యూబును అయస్కాంతం దగ్గర పెడితే అవి గోడకు అంటుకుంటాయి, మనకు కావలసినవి ద్రవంలో మిగులుతాయి. పాత పద్ధతి దీనికి తలకిందులు: అందులో ద్రవాన్ని పారబోస్తారు. ఆయనకు పాతదే అలవాటు. దొంగిలించినదాన్ని కనీసం చదవలేదు.

ఆ ద్రవాన్ని ఆయన బ్లీచ్ బీకర్లో పారబోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. "సార్" అంటే చాలు, ఆగేవాడు. అనలేదు.

కణాలను లెక్కపెట్టే మెషిన్‌లో పెట్టి చూస్తే టీ సెల్స్ దాదాపు లేవు. "ఏందయ్యా ఇది, ఈ పద్ధతి నీదేనా?" అన్నారు డైరెక్టర్ గారు. ప్రకాష్ సార్ నావైపు చూశాడు. నేను అయస్కాంతాన్ని తుడుస్తూ ఉండిపోయాను. ఆ మొహం ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరడం లేదు.

రక్తం మాత్రం యాదమ్మది. మా ల్యాబ్ ఊడ్చే యాదమ్మ పొద్దున "నీ పని కోసమైతే ఇస్తా బిడ్డా" అని చెయ్యి చాపింది. సాయంత్రం బన్సీలాల్‌పేట్ బస్సు కోసం బయల్దేరుతూ, మోచేతి దగ్గర దూది ఇంకా అలాగే ఉండగా, అడిగింది:

"నా రక్తం అక్కరకొచ్చిందా బిడ్డా?"

"మస్తు అక్కరకొచ్చింది, యాదమ్మా."

నా కసి తీరడానికి నిజంగానే అక్కరకొచ్చింది. ఆ మాట అబద్ధమైనా బాగుండేది.