ఇస్తారి చివరి బోర్డు

చెన్నూరు,
ఆదివారం.

పూజ్యురాలైన అవ్వకు, నీ ఏకైక పుత్రరత్నం కరుణాకర్ చేతులు జోడించి రాసుకున్నది.

ముందుగా ఈ ఉత్తరంలోని సమస్త దోషాలకు సవినయంగా, సాష్టాంగంగా క్షమాపణ కోరుతున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నందుకు, రేపు మస్కట్ బయల్దేరే సారక్క సంచిలో మామిడి తొక్కు నూనె ఈ కాగితానికి అంటబోతున్నందుకు, నువ్వు వంట చేస్తూ ఇది చదివితే అడుగంటబోయే అన్నానికి కూడా. ఇంత క్షమాపణ అడిగినవాడు అసలు తప్పేమీ చేసి ఉండడని నువ్వు నమ్మాలి.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను. ఉత్తరాల్లో అలా రాయాలి కాబట్టి రాశాను. రాశాక ఆ మాట దగ్గరే చాలాసేపు కూర్చున్నాను.

నీ ప్రశ్నలకు వస్తాను. తింటున్నాను. శంకరవ్వ పెద్దమ్మ రోజూ గిన్నెలో కూర పెట్టి, దానితో పాటు నా పెండ్లి మాట కూడా పంపుతోంది. కూర ఒక్కటే తీసుకుంటున్నాను. బాపు కర్మలన్నీ సరిగ్గానే జరిగాయి. మూడో రోజు పిట్టకు పెడితే కాకి వెంటనే వచ్చి ముట్టింది. ఆకలికి ఆగే అలవాటు బాపుకు ఎప్పుడూ లేదు కదా. మీ సేటు సెలవు ఇవ్వనందుకు ఇక్కడ ఎవరూ నిన్ను ఒక్క మాట అనలేదు, జర ఫికర్ చేయకు.

బాపు ఎడమచేత్తో రాసిన ఆఖరి బోర్డు భద్రంగా పెట్టమన్నావు. వచ్చే నెల వచ్చి చూస్తానని, ఇంటి ముందు గోడకు కొట్టిద్దామని రాశావు. దానికి జవాబు కొంచెం ఆగి చెప్తాను. ఫోనులో చెప్పొచ్చు, కానీ ఫోనులో నీ ముఖం కనబడుతుంది.

ముందు, ఫాంట్ అంటే ఏమిటని అడిగావు. ఫ్లెక్సీలు వచ్చి బాపు కుంచెను మూలన కూర్చోబెట్టాయి, నిన్ను విమానం ఎక్కించాయి. డిగ్రీ చదివిన నీ కొడుకు పోయి అదే ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు చేరాడు. బాపు తిడతాడనుకున్నాను. "ఫ్యానన్న ఉన్నదా అండ్ల?" అని మాత్రం అడిగాడు. పోయినేడు ఆయన కుడిచెయ్యి పడిపోయాక, ధర్మపురి సత్రం, పెద్దపల్లి రైసుమిల్లు, ఎక్కడెక్కడ ఆయన రాత మిగిలి ఉందో అక్కడికల్లా పోయి ఫోటోలు తీశాను.

ఆ అక్షరాలు నీకు తెలుసు. మూడో తరగతితో బడి మానేసిన నువ్వు చదువు మరిచిపోకుండా ఉన్నది వాటిని చూసే. పాత సినిమా పోస్టర్ల మీది వాటిలా నిలువునా పొడుగు, వెడల్పు తక్కువ, ఒళ్లు బొద్దు, కుడిపక్కన నల్లటి నీడ. రేకు చిన్నది, దుకాణం పేరు పొడుగుది, అందుకే అలా పుట్టాయి. "బస్సుల జనాన్ని నిలబెట్టినట్టు నిలబెట్టాలె. ఒత్తుకోవాలె గని ఎవ్వలు కింద పడొద్దు" అనేవాడు. నేను ఒక్కో అక్షరాన్ని ఒక్కసారి గీసి కంప్యూటర్లో దాచాను. మీట నొక్కినప్పుడల్లా అదే అక్షరం వెంట్రుకంత తేడా లేకుండా వస్తుంది. అదే ఫాంట్. దానికి బాపు పేరే పెట్టాను, 'ఇస్తారి' అని.

ఇక బోర్డు. విత్తనాల సదానందం బాపుకు పాత దోస్తు కదా. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది కదా అని ఎగతాళి చేసి ఒక రేకు తెచ్చి మనింట్లో పెట్టాడు. బాపు పదకొండు రోజులు కూర్చుని, ఎర్ర రంగుతో 'లక్ష్మీనరసింహ విత్తనముల దుకాణం' అని రాశాడు. ఈసారి బస్సులో ముగ్గురు నలుగురు కింద పడ్డారు. ఒకచోట నీడ తన అక్షరాన్ని వదిలేసి వేరే దారిన పోయింది. నీకు ఫోన్ చేసి మురిసిపోయింది ఆ రోజే.

సదానందం మొహమాటపడ్డాడు. గిరాకీలు నవ్వుతారన్నాడు. అందుకని నేను అవే మాటలు బాపు ఫాంట్‌తో స్టిక్కరు కొట్టించి, అదే రేకు మీద అంటించి, దుకాణానికి ఎక్కించాను. బాపును తువ్వాలతో నా నడుముకు కట్టుకుని బండి మీద తీసుకుపోయి చూపించాను. తన అక్షరాలే కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

బాపు చాలాసేపు చూశాడు.

"మంచిగ రాసిండురా, ఎవడో" అన్నాడు.

నువ్వే కదా రాసింది అన్నాను. ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు.

"రెండు 'న'లు ఒక్కతీరుగ ఉన్నయ్ సూడు. నా జిందగీల రెండు 'న'లు నాకు ఒక్కతీరు రాలే. కుడిచెయ్యి ఉన్నప్పుడు సుత."

అంతే. కోప్పడలేదు. తిరిగి వస్తుంటే నా వీపు వెనక నుంచి మళ్లీ అన్నాడు: "నాది యాడ పెట్టినవో గని పారెయ్యకు. మీ అవ్వకు చూపియ్యాలె." దుకాణం లోపల భద్రంగా ఉందన్నాను. తర్వాత పందొమ్మిది రోజులే ఉన్నాడు.

నీ ఉత్తరం అందిన రోజే పోయి ఆ స్టిక్కరు పీకాను. దాని కింద ఉన్నది తెల్లరంగు. థిన్నర్‌లో గుడ్డ ముంచి మెల్లగా రుద్దాను. తెలుపుతో పాటు దాని కిందున్న ఎరుపు కూడా లేచి వచ్చింది. గుడ్డ గులాబీ రంగైంది. రేకు రేకులా మిగిలింది. ఒక్క అక్షరం కూడా దక్కలేదు అవ్వా. ఆ గుడ్డను మడిచి బాపు కుంచెల డబ్బాలో పెట్టాను. నువ్వు వచ్చి చూడడానికి ఉన్నది అదే.

ఇంకొకటి. పైన సదానందం గురించి రాసింది అబద్ధం. ఆయన ఏ మొహమాటమూ పడలేదు. రేకు చూసి, "ఇస్తారి రాసిండు, నాకు గిదే కావాలె" అన్నాడు. గిరాకీలు నవ్వుతారని భయపడ్డది నేను. ఆ ఒరిగిన అక్షరాలు చూసి సిగ్గుపడ్డది నేను. మధ్యాహ్నం బాపు కన్నంటుకున్నప్పుడు, ఆయన డబ్బాలోని తెల్లరంగే తీసి, ఆయన కుంచెతోనే, ఆయన పదకొండు రోజుల మీద పూసింది నేనే.

ఇట్లు,
నీ కొడుకు
కరుణాకర్